ఎల్లయ్య బోరులో తాడు దింపిన రోజు

ఎల్లయ్య ఫోన్ చేసినప్పుడు నేను కోదాడలో నా షాపులో కూర్చుని, కాలిపోయిన మోటరుకు రాగితీగ చుడుతున్నాను. "శీనన్నా, గురువారం మూడు గంటలకు మిర్యాలగూడల సంతకం పెట్టాలె. పొద్దుగాల నువ్వొక్కపారి వచ్చి సూడు. నువ్వు పెట్టమంటే పెడత, వద్దంటే ఇడిసిపెడత," అన్నాడు. నాకు ఇలాంటి మాటలంటే మహా ఇష్టం. పాతికేళ్ళుగా మోటార్లు బాగుచేస్తున్న వాణ్ణి. నీళ్ళ గురించి ఎవరైనా సలహా అడిగితే ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తింటాను. సూర్యాపేట మెట్టనూ మిర్యాలగూడ ఆయకట్టునూ ఒకే రోజులో చూడాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని ఆ ప్రయాణమంతా ఇక్కడ రాస్తున్నాను. నేను తప్పు చెప్పిన చోటు కూడా దాచకుండా రాస్తాను.

ఎల్లయ్యది సూర్యాపేటకు అరగంట దూరంలో గొర్లు కాసుకునే కుటుంబం. మేమిద్దరం మూడేళ్ళు ఒక ఎడారి దేశంలో ఒకే కంపెనీ పొలంలో పనిచేశాం. ఆ పొలం ఉన్నది ఒక దేశంలో, యజమానులది ఇంకో దేశం, అక్కడ పెరిగే పచ్చగడ్డి తినే ఆవులేమో మూడో దేశంలో. ఇప్పుడు అలాంటి గడ్డి పెంచుతామనే ఒక కంపెనీ ఎల్లయ్య ఊరికే వచ్చింది. పేరు ఇక్కడి వాళ్ళదే, పెట్టుబడి మాత్రం బయటి దేశానిది. ఊరి మెట్ట భూములు పదేళ్ళ కౌలుకు తీసుకుంటారట. వెయ్యి అడుగుల లోతు బోర్లు మాత్రం ఎల్లయ్య ఐదెకరాల చెలకలోనే వేస్తారట, అది అందరి భూముల కంటే పల్లంలో ఉంది కాబట్టి. "లోతు నీళ్ళు వేరు, పై నీళ్ళు వేరు. మీ ఊరి బోర్లకు ఏమీ కాదు," అని వాళ్ళ మనిషి చెప్పాడట. అది నిజమైతే ఎల్లయ్యకు ఏటా కౌలు వస్తుంది. అబద్ధమైతే ఊరంతా ఎండిపోతుంది, ఎల్లయ్య గొర్లతో సహా.

బస్సు ఎక్కకముందే నేను తీర్పు రాసేసుకున్నాను: సంతకం పెట్టవచ్చు. ఎడారిలో అడుగంతా ఇసుక, ఒక చోట తోడితే ఇంకో చోట దిగుతుంది. మన దగ్గర రాయి. రాతిలో నీళ్ళు పగుళ్ళలో ఉంటాయి, ఎవరి పగులు వాళ్ళది. పది అడుగుల దూరంలో ఒక బోరు పొంగి, ఇంకోటి దుమ్ము కక్కడం ఎన్నిసార్లు చూశాను! నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

కోదాడ నుంచి ఆరు గంటల బస్సు ఎక్కితే హైవే మీద గంటలో సూర్యాపేట. టికెట్టు వంద లోపే. కొత్త బస్టాండు బయట బండి మీద ఇడ్లీ తిన్నాను. పల్లీ చట్నీ బాగుంది, కారం మాత్రం కాస్త చూసుకోవాలి. అక్కడి నుంచి షేర్ ఆటోలో మనిషికి నలభై. దారిలో మా ముందు రెండు బోరు లారీలు పోతున్నాయి, తమిళనాడు నంబర్లతో. డ్రైవరు వాటిని దాటడానికి హారన్ కొట్టీ కొట్టీ విసిగిపోయాడు. "గీ బండ్లు దిగినయంటే ఎండకాలం మొదలైనట్టే సారూ. దినాం గీ రోడ్డు మీన్నే తిరుగుతయ్. నీళ్ళు పడ్డోడు ఒక్కడు గూడ నా ఆటో ఎక్కలే, పడనోళ్ళే ఎక్కుతరు," అన్నాడు. "పడ్డవాళ్ళు ఎందుకెక్కుతారు, పొలం దగ్గరే ఉంటారు," అన్నాను నేను. నవ్వాడు కానీ ఒప్పుకున్నట్టు అనిపించలేదు.

ఎనిమిదింటికి చెలక దగ్గర దిగాను. ఎల్లయ్య భార్య లింగమ్మ జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, గ్లాసెడు సల్ల పెట్టింది. ఆమె సంతకం పెట్టాలనే పక్షం. "రెండు బోర్లున్నయ్ అన్నా. ఒకటి ఎండె, ఇంకోటి గంట పోసి ఆగె. పోయినేడు ఎల్లమ్మకు మేకను గూడ కోసినం. ఇంక మా నసీబుల లేదని ఇడిసిపెట్టినం. భూమి ఊకెనే పడి ఉండేకంటే కౌలన్న వస్తది గద?" అంది. నేను తల ఊపాను. ఆమె చెప్పింది నా తీర్పుకు సరిగ్గా సరిపోయింది.

అయినా ఎల్లయ్య ఊరుకోలేదు. "సూపియ్యి అన్నా. నోటి మాట గాదు," అన్నాడు. సరేనని ఒక పరీక్ష పెట్టాను. గంట పోసి ఆగే ఎల్లయ్య పాత బోరు రెండు వందల అడుగులు, మోటరు తీసేసి ఉంది. చిన్న గుట్ట అవతల నర్సిమ్మ మామ బోరు ఉంది. ఎల్లయ్యకు వరసకు మామ, అరవై దాటిన పెద్దమనిషి. రెండేళ్ళ కింద ఎనిమిది వందల అడుగులు వేయించాడు. లోతు బోరు నడిస్తే పై బోరులో నీళ్ళు దిగుతాయా లేదా అన్నదే ప్రశ్న. ముందు అన్ని మోటార్లూ ఆపి గంటన్నర చూడాలి, తర్వాత మామ మోటరు నడిపి చూడాలి. ఎల్లయ్య వెళ్ళి చెప్పి వచ్చాడు. మామ మోటరు ఆపేశాడు. నులక తాడుకు బారకొక ముడి వేసి, కొసన బరువైన బోల్టు కట్టి ఎనిమిదిన్నరకు పాత బోరులోకి దింపాం. ఇరవై రెండో ముడి దగ్గర బుడుంగుమంది.

కూర్చుని ఎదురు చూస్తుంటే ఎల్లయ్య ఎడారి మాట ఎత్తాడు. అక్కడ అతని పని నీళ్ళు చల్లే పొడుగాటి ఇనుప చేతుల్ని చూసుకోవడం. ఒకరోజు గేటు దగ్గరికి ఒక ముసలి కాపరి వచ్చాడు. అతని బావి ఎండిపోయింది, వెనక ముప్పై గొర్లు నాలుకలు బయటపెట్టి నిలబడ్డాయి. ఎల్లయ్య ఎవర్నీ అడక్కుండా వాల్వు తిప్పేశాడు. సూపర్‌వైజరు అతన్ని షెడ్డు ఊడ్చే పనికి మార్చాడు. "గా ముసలాయన మాట నాకు ఒక్కటి అర్థం కాలే. గొర్ల మాట మాత్రం అర్థమైంది," అన్నాడు. ఆ బావి ఎండిన వేసవిలో కంపెనీ పంపుకు ఇంకో నాలుగు పైపులు కలిపి కిందికి దింపింది నేనే. అందరికంటే తొందరగా దింపానని మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తొమ్మిదిన్నరకు తాడు మళ్ళీ దింపాం. ఇరవై నాలుగో ముడి. పదింటికి ఇరవై ఐదు. మోటార్లన్నీ ఆపి ఉన్నా నీళ్ళు దిగుతున్నాయి! నేను తొడ చరిచినంత పని చేశాను. "చూశావా ఎల్లయ్యా, ఎవరూ తోడకుండానే నీ బోరు దానంతట అదే పోతోంది. నీ పగులు ఎండుతోంది, అంతే. ఇక మామ మోటరు నడిపి చూసే పనే లేదు. దీంట్లో ఎవరి తప్పూ లేదు. వెళ్ళి సంతకం పెట్టు," అన్నాను. లింగమ్మ "నేను గదే చెప్తున్న," అంది. ఎల్లయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని, సరే అన్నట్టు లేచాడు.

అప్పుడు చూస్తే గొర్లు లేవు. దాదాపు నలభై గొర్లు, ఇప్పటిదాకా తుమ్మల కింద ఉన్నవి, ఒక్కటీ కనబడలేదు. లింగమ్మ కర్ర తీసుకుని గుట్ట ఎక్కింది. పైనుంచి ఆమె అరుపు వినబడింది: "ఇటు రాండ్రి! మామ బోరు పోస్తున్నది! గొర్లన్నీ గీడనే తాగుతున్నయ్!"

పరుగెత్తాం. మామ పైపు నుంచి మూడంగుళాల ధార తొట్టిలో పడుతోంది, గొర్లు మూతులు ముంచి తాగుతున్నాయి. సబ్‌మెర్సిబుల్ మోటరు భూమిలోపల తిరుగుతుంది కాబట్టి గుట్ట అవతలికి చప్పుడు రాదు. మామ పరుగున వచ్చి, "నేను ఆపిన గదా! ఎర్ర బటన్ నొక్కిన!" అన్నాడు. నొక్కాడు, నిజమే. కానీ పక్క డబ్బాలోని ఆటో స్విచ్ తిప్పి ఆపలేదు. అది తిప్పకపోతే కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా చాలు, మోటరు తనంతట తానే లేస్తుంది. మా వైపు రైతులు ఏళ్ళ తరబడి ఆ డబ్బా జోలికే పోరు, దాని పని అది చేసుకుపోతుంది. ఎనిమిదీ నలభైకి ఎల్లయ్య షెడ్డులో బల్బు ఒకసారి ఆరి వెలగడం నేను చూశాను. చూసి కూడా ఆలోచించలేదు. ఆ ఆటో డబ్బాలు బిగించడంలో కోదాడలో నాకు పేరుంది మరి!

నోట్లో వెలక్కాయ పడింది. గంటకు పైగా లోతు బోరు నడిచింది, అందుకే పై బోరులో నీళ్ళు మూడు బారలు దిగాయి. కావాలని పెట్టిన పరీక్ష కంటే ఈ పొరపాటే గట్టిగా చెప్పింది. అయినా అనుమానం మిగలకూడదని ఆటో స్విచ్ నేనే తిప్పి ఆపాను. పదకొండున్నరకు నీళ్ళు ఇరవై మూడో ముడికి పైకొచ్చాయి. మళ్ళీ నడిపితే మళ్ళీ దిగింది. మామ ప్రతిసారీ తాడు తన చేత్తోనే లాగి, తడి ఎక్కడిదాకా ఉందో తడిమి చూశాడు. మూడోసారి తాడు వదిలేసి బోరు గట్టు మీద కూలబడ్డాడు.

"నీ బోరు ఎప్పుడు తగ్గిందిర అల్లుడా?" అని అడిగాడు.

"నువ్వు బోరేసిన యాసంగి పంటప్పుడే, మామా."

"మరి అడగకపోతివి?"

"నా నసీబు అనుకున్న."

మామ కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోలేదు. "నీ నీళ్ళు నేనే తాగినర. మేకను గూడ నీతోటి కోయించిన. వారానికి రెండు దినాలు నా బోరు నీది. సంతకం పెట్టకు. వెయ్యి అడుగులదేస్తే నాది గూడ గిట్లనే పోతది," అన్నాడు. లింగమ్మ అందుకుంది. "మాట మంచిదే మామా. మాట పొద్దుగూకేదాక ఉంటది, పైపు ఉంటే రేపు గూడ ఉంటది. ఇయ్యాల్నే పైపు ఎయ్యాలె," అంది. పొద్దున్నుంచీ సంతకం పెట్టమన్న మనిషే షెడ్డు వెనక చుట్టిపెట్టిన నల్ల పైపు భుజాన వేసుకుని గుట్ట ఎక్కింది. ఒంటిగంటకు ఎల్లయ్య చెలకలో నీళ్ళు పడ్డాయి. నేను జాయింటు బిగించి, క్లాంపు రెండుసార్లు చూసుకున్నాను. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

సంతకం పెట్టకపోయినా, పెట్టనని ఎదురుగా చెప్పి రావాలని ఎల్లయ్య పట్టు. అతని బండి మీద గరిడేపల్లి మీదుగా బయల్దేరాం. ఈ దారి తప్పక చూడండి. మెట్ట మీద తుమ్మలు, ఎర్రమట్టి. కాలువ కిందికి రాగానే కళ్ళు చెదిరేంత పచ్చటి వరి, మడుల్లో కొంగలు. హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్ళకు సాగర్ ఎడమ కాలువ వేములపల్లి దగ్గర కనబడుతుంది, అక్కడ దిగి పది నిమిషాలు నిలబడండి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల ఊక బూడిద కళ్ళలో పడుతుంది, అద్దాలు పెట్టుకోండి.

కంపెనీ ఆఫీసులో కుర్రవాడు మర్యాదస్తుడు. టీ తెప్పించాడు, కాగితాలు తిప్పి ఎల్లయ్య ముందు పెట్టాడు. "మీ ఇష్టం, బలవంతమేమీ లేదు. కానీ ఎందుకు వద్దంటున్నారో చెప్తారా?" అన్నాడు.

"మీ కాయితంల భూమి నాదని రాసిన్రు సార్. నీళ్ళు ఎవరియో రాయలే," అన్నాడు ఎల్లయ్య.

"భూమి ఎవరిదో కింది నీళ్ళు వాళ్ళవేనండీ."

"గాడనే ఉన్నది సార్ తకరారు. గా నీళ్ళు నా కింద ఆగుతలేవు."

కుర్రవాడు కాగితాలు వెనక్కి తీసుకుని ఫైల్లో పెట్టుకున్నాడు. ఎల్లయ్య టీ పూర్తిగా తాగి, దండం పెట్టి లేచాడు. నేను హుజూర్‌నగర్ మీదుగా వెళ్ళే కోదాడ బస్సు ఎక్కాను, గంటన్నర ప్రయాణం. ఎల్లయ్య చీకటి పడకముందే గొర్ల దగ్గరికి చేరాలని బండి తిప్పాడు.

బస్సులో కూర్చున్నాక పరాయి కంపెనీలను తిట్టుకోవడం తేలికే అనిపించింది. కానీ రెండేళ్ళు ఎల్లయ్య నీళ్ళు తాగింది సొంత ఊరి మామే, అదీ తెలియకుండా. ఎడారిలో పైపులు దింపింది నేనే, తెలిసి. తేడా ఒక్కటే కనబడింది. నర్సిమ్మ మామను కేకేస్తే గుట్ట దిగి వచ్చాడు, తాడు తడిమాడు, ఏడ్చాడు, వాటా ఇచ్చాడు. ఆ ఎడారి పొలం యజమానిని మూడేళ్ళలో నేను ఒక్కసారీ చూడలేదు. ఆ ముసలి కాపరి ఎవర్ని కేకేయాలి? కాబట్టి చెలక కౌలుకిచ్చే ముందో, కొత్త బోరు వేసే ముందో ఇటు వచ్చే వాళ్ళకు నా సలహా ఇదొక్కటే, ఈసారి పరీక్షించి మరీ చెప్తున్నాను: ఒక తాడు, ఒక బోల్టు తెచ్చుకోండి, ఆటో స్విచ్ మీ చేత్తో తిప్పండి, మీ మోటరు రెండు గంటలు నడపండి, తాడు మాత్రం పక్కవాళ్ళ బోరులో దింపండి.