పడని దుర్యోధనుడు

కవిటి నారాయణరావులో వంక పెట్టడానికి ఒక్కటే ఉంది. స్టేజీ మీద పడడు.

పొద్దస్తమానం కొబ్బరితోటలో నడుం వంచి పనిచేసే మనిషి, దుర్యోధనుడి కిరీటం నెత్తికెక్కిందంటే ఇక వంగడు. భీముడు గదతో తొడ మీద కొడితే కూలబడాలి కదా? కూలడు. ఇంకో పద్యం ఎత్తుకుంటాడు. మళ్లీ కొడితే మీసం దువ్వుతాడు. ఆ భీముడు సోమేశ్వరరావు. ఏళ్ల తరబడి కొట్టీ కొట్టీ అతనికి రెక్కలు లాగేసేవి పాపం. తెరవెనక్కొచ్చి గద అవతల పడేసి, ఈ మొండిఘటంతో నావల్ల కాదు బాబూ అని చాప మీద వాలిపోయేవాడు. పై ఆటకి అందరికన్నా ముందొచ్చేదీ అతనే.

హార్మోనియం మాస్టారు నచ్చజెప్పి చూశారు. గర్వం వల్లే దుర్యోధనుడు పడిపోయాడయ్యా, నాటకమంతా అదే కదా అన్నారు.

"గర్వమున్నోడు ఎలాగ పడతాడు మాస్టారూ? మీరే ఆలోసించండి" అన్నాడు నారాయణరావు.

మాస్టారు నిజంగానే ఆలోచించారు. ఆ పూటంతా ఆయనకి శ్రుతి కుదరలేదు.

ఇలా ఉండగా, ఉద్దానంలో ఇంటింటా ఉన్న ఆ కిడ్నీ జబ్బు సోమేశ్వరరావుకీ వచ్చింది. కాళ్లు వాచాయి, నాలుగు మాటలకే ఆయాసం. నువ్వు కాస్త రెస్టు తీసుకో అని ట్రూపువాళ్లు వేషం పవన్‌కి ఇచ్చేశారు. పవన్ ఆటో నడుపుతాడు, కండ ఉన్న మనిషి. ఎవరూ పల్లెత్తు మాటనలేదు. అయినా గద చేజారాక తానింక రోగి తప్ప మరేమీ కాదనిపించింది సోమేశ్వరరావుకి. బారువలో ఆట అని తెలిసి, ఇంట్లో ఉండలేక, ఓపిక లేకపోయినా వెళ్లి తెర పక్కన కుర్చీలో కూలబడ్డాడు.

పవన్ కొట్టాడు. పద్యం. మళ్లీ కొట్టాడు. మళ్లీ పద్యం. తెల్లారొచ్చింది. కొందరు లేచి వలల పనికి పోతున్నారు. గదకి అంటించిన బంగారు కాగితం ఊడిపోయింది గానీ దుర్యోధనుడు మాత్రం నిలబడే ఉన్నాడు. పడిపో మావా, నీకు దణ్ణం పెడతాను అని పవన్ గొణిగితే మైకులో ఊరంతా విన్నారు.

నారాయణరావు తెర పక్కకి చెయ్యి చూపించాడు.

"ఈడు కొడితే నాను పడను. నా భీముడు ఆ కుర్సీలో కూకున్నాడు. అతన్ని రమ్మనండి."

సోమేశ్వరరావుకి సిగ్గేసింది, ఒళ్లు మండింది, ఈ మనిషితో పడలేను దేవుడా అనుకున్నాడు. అయినా లేచాడు. లుంగీ, మఫ్లరుతో అలాగే స్టేజీ ఎక్కాడు. పవన్ బతుకుజీవుడా అని గద అందించి తప్పుకున్నాడు. సోమేశ్వరరావు చేతిలో అది మోకాలు దాటి పైకి లేవలేదు. దుర్యోధనుడి తొడకి ఊరికే ఆనించాడు, అంతే.

నారాయణరావు నిలువునా పడ్డాడు. చెక్కలు దద్దరిల్లాయి. కిరీటం ఒకవైపు, మీసం ఒకవైపు. ఎన్నడూ చూడని ఆ పడిపోవడం చూసి జనం వన్స్ మోర్ అని ఒకటే కేకలు. లేచి, సోమేశ్వరరావు చేత గద మళ్లీ ఆనించుకుని, మళ్లీ పడ్డాడు.

సోమేశ్వరరావు రొప్పుతూ ఆ పక్కనే చతికిలబడ్డాడు.

"ఇన్నేళ్లూ నన్నెందుకు సంపుకు తిన్నావు బావా?"

"నెమ్మదిగా మాటాడు, నాను సచ్చిపోయాను" అన్నాడు నారాయణరావు కళ్లు తెరవకుండానే. "పై ఆట సోంపేటలో. బేగొచ్చెయ్. నువ్వు లేకపోతే నాను పడలేను."