యాంటెన్నా కట్టిన కొబ్బరిచెట్టు

అటక సర్దుతుంటే పాత టీవీ యాంటెన్నా ముక్క చేతికి తగిలింది. దానికి చుట్టిన కొబ్బరితాడు ఇంకా ఊడలేదు; ముక్కు దగ్గర పెట్టుకుంటే వానకు తడిసిన పీచు వాసన వేసింది.

కిందటి వారం మా అమ్మాయి స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు జరిగింది. పాఠాలు ట్యాబుకు పంపుతామనీ, సాయంత్రం ఓ అరగంట పిల్లల పక్కన కూర్చోమనీ హెడ్‌మిస్ట్రెస్ గారు అడిగారు. ఆఫీసు నుంచి వచ్చాక ఆ అరగంట తప్పించుకోవాలని నేను లేచి, "మా నాన్నగారు టీవీని బడి గడప తొక్కనివ్వలేదండి, అందుకే మాకు చదువబ్బింది" అన్నాను. చప్పట్లు కొట్టారు. ట్యాబు పాఠాల సంగతి శనివారానికి వాయిదా పడింది.

జరిగింది వేరు.

నేను ఐదో తరగతిలో ఉండగా మా పెంకుల బడికి టీవీ వచ్చింది. నాన్న మొదట గోల చేసిన మాట నిజమే. "బొమ్మలు చూత్తే చదువొచ్చేత్తాదేంటండీ మేస్టారూ?" అని వీధిలోంచే కేకేశారు. "ఓసారి వచ్చి కూర్చోండి, ఆనక తిడుదురుగాని" అన్నారు మేస్టారు. మర్నాడు నాన్న చేలో బురద కాళ్లతోనే వచ్చి, వెనక వరసలో మా మధ్య చతికిలబడి, గింజ మొలకెత్తే పాఠం నోరు తెరుచుకుని చూశారు. మధ్యలో బొమ్మ చుక్కలు చుక్కలుగా చెదిరిపోతే మాకన్నా ముందు ఆయనే "అయ్యయ్యో" అన్నారు.

ఆ వారమే బడి గోడ పక్కనున్న మా పొడుగాటి కొబ్బరిచెట్టుకు యాంటెన్నా కట్టించారు. మనిషి ఎక్కితే అది కదిలిపోతుందని ఆ ఒక్క చెట్టుకు కాయల దింపు తీయించడం మానేశారు. ఎండిన కాయలు వాటంతటవే దబ్బున రాలేవి. మేం ఏరుకొస్తే అమ్మ బెల్లమూ యాలకులూ వేసి లౌజు చేసి, అరిటాకులో చుట్టి క్లాసంతటికీ పంపేది. గాలి వీచిన రోజు నాన్న యాంటెన్నాకు కట్టిన తాడు బిగించి పట్టుకుని ఆ చెట్టు కిందే నిలబడేవారు. "నెత్తిన కాయ పడితే తెలుత్తాది" అని అమ్మ తిడుతూనే ఉండేది. "వచ్చింది, కదలకండి!" అని మేం కిటికీలోంచి అరిచేవాళ్లం.

ఆ చెట్టు తుఫానుకు పోయింది. పెంకుల బడి డాబా అయింది. నాన్న లేరు. శనివారం మళ్లీ మాట్లాడతానని, ఈసారి జరిగింది చెబుతానని హెడ్‌మిస్ట్రెస్ గారికి ఫోన్ చేశాను.

నిన్న సాయంత్రం స్కూలు వాళ్లు నమూనాకు పంపిన పాఠం మా అమ్మాయి తెరిచింది. ఇంట్లో సిగ్నల్ అందక, ట్యాబుకు నెట్ అందించే నా ఫోన్ పైకెత్తి పట్టుకుని వరండా చివర నిలబడ్డాను.

"వచ్చింది నాన్నా, కదలకు!" అంది లోపల్నుంచి.

పాఠం అయ్యేదాకా కదల్లేదు.