డ్రైవరు సీట్లో జీడిపిక్కల బస్తా

తుపాను వెళ్లాక మా పూండి వైపు నాలుగు రోజులు కరెంటు లేదు. మా బాబుకి అప్పటికి పది నెలలు. ఆయాసం వస్తే నెబులైజరు పెట్టాలి. మావారు జీడి ఫ్యాక్టరీలో నడిపే ఎలక్ట్రిక్ ట్రక్కును ఇంటి ముందు నిలిపి, దాన్నుంచి కిటికీలోకి వైరు లాగారు. ఒకటే చిక్కు. డ్రైవరు సీట్లో మనిషి లేకపోతే ఆ బండి కరెంటు ఆపేస్తుంది.

మూడో రోజు, రోడ్డు మీద పడిన కొబ్బరిచెట్లు తీయడానికి వెళ్తూ ఆయన వాళ్ల నాన్నను, అంటే మా మావయ్యను, సీట్లో కూర్చోబెట్టారు. అంతలో బాబుకి ఆయాసం మొదలైంది. మాస్కు పెట్టిన రెండు నిమిషాలకే మిషను ఆగిపోయింది. పరుగెత్తి చూస్తే సీటు ఖాళీ! మావయ్య వీధి చివర చుట్ట కాలుస్తూ, ఎవరికో ట్రక్కు గొప్పలు చెబుతున్నారు. కేక వేసినా వినిపించుకోలేదు.

“మీరు కూర్చోండి అత్తయ్యా, మాస్కు పెట్టడం నాకే తెలుసు!” అన్నాను.

బాబును ఎత్తుకున్న అత్తయ్య హడలిపోయారు. “ఓలమ్మో, నానెక్కను! అది నన్నట్టుకెల్లిపోతే? దానికి మనిసే కావాలేటి, బరువు సాలదా? ఆ బస్తా కూకోబెట్టు!”

ఏడుస్తూనే వసారాలో ఉన్న సగం నిండిన జీడిపిక్కల బస్తాను ఈడ్చి సీట్లోకి ఎక్కించాను. కంగారులో సీటు బెల్టు కూడా పెట్టాను. లోపల మిషను గుర్రుమంది. కాసేపటికి బాబు ఊపిరి తేలికపడింది.

మావయ్య తిరిగొచ్చి బస్తాను చూసి అలిగారు. “ఏటే, నా కంటే బస్తా నయమా?”

“నయమే. కూకోమన్న సోట కూకుంది,” అన్నారు అత్తయ్య.

ఇప్పటికీ మబ్బు పడితే ముందు బాబు ఛాతీకి చెవి ఆనించి వింటాను. తర్వాత వసారాలోకి వెళ్లి, ఆ బస్తా ఉందో లేదో చూసుకుంటాను.