పెనం పిడికి చుట్టిన తేనె రంగు టేపు

మా నాన్న రైల్వే షెడ్డులో ఇంజిన్ మోటార్లకు తీగ చుట్టేవాడు. ఆయన చొక్కా ఎప్పుడూ వార్నిష్ వాసన వేసేది. తీగ మీద చుట్టగా మిగిలి చెత్తలోకి పోయే టేపు ముక్కల్ని అప్పుడప్పుడు జేబులో వేసుకొచ్చేవాడు. పల్చగా, తేనె రంగులో మెరిసేవి. మా వరస క్వార్టర్లలో అవి లేని ఇల్లు లేదు.

నాకు ఏడేళ్లప్పుడు ఒక సాయంత్రం నాన్న పాల కవరు ముక్కను పట్టకారుతో స్టవ్ మంట మీద పెట్టాడు. అది ముడుచుకుపోయి బొట్లు బొట్లుగా కారింది. తర్వాత టేపు ముక్క పెట్టాడు. అంచు కాస్త నల్లబడిందంతే.

"సూసావేటి? ఎంత ఏడికీ లొంగదు," అన్నాడు, తానే తయారు చేసినట్టు.

పెనం పిడికి అమ్మ కట్టే గుడ్డ తరచూ మాడిపోయేది. మర్నాడే అది తీసేసి టేపు చుట్టింది. వేడికి లొంగనిది చేతికి వేడి తగలనివ్వదని ఇంట్లో అందరం అనుకున్నాం, నాన్నతో సహా. పెనం దించమంటే ధైర్యంగా పట్టుకున్నాను, అరచేయి కాలిపోయింది.

మంట తగ్గుతుందని అమ్మ ఇంకు సీసా మొత్తం నా అరచేతిలో వంపింది. వంపుతూనే నాన్నతో అంది: "మీ మోటారుకి సేతులున్నాయేటండీ?"

నా వేళ్లు సరిగ్గా ముడుచుకుంటాయో లేదోనని నాన్న చాలా రోజులు డ్యూటీ నుంచి రాగానే నా చేయి విప్పి చూసేవాడు.

బీఎస్సీలో ఆ టేపు పదార్థం పేరు పాలీఇమైడ్ అని తెలిసింది. దాని అణువుల్లో గట్టి వలయాలు గొలుసులా అల్లుకుని ఉంటాయి కనుక వేడికి కరగదు. అయినా అంత పల్చటి పొరలోంచి వేడి ఇట్టే దాటిపోతుంది. ఆ మాట చెబితే నాన్న "అచ్ఛా" అని నా అరచేతివైపే చూశాడు.

పెళ్లయ్యాక ఆ పెనం నాతోపాటు మేం కాపురముండే కుదుదండ్ వచ్చింది. టేపు అలాగే ఉంది, తీయబుద్ధి కాలేదు. ఈ రోజు మా పాపను చంకనెత్తుకుని దోసె తిరగేస్తుంటే ఆ మెరుపు కోసం చేయి చాచింది. వేలు తగిలిందో లేదో తెలియలేదు. గబుక్కున స్టవ్ ఆర్పేశాను.

పెనం చల్లారాక చాకుతో గీకాను. జిగురు ఎప్పుడో మాడి పొడైపోయింది. టేపు మాత్రం చుట్టిన ఆకారంలోనే ఊడివచ్చింది. పోపుల డబ్బాలో దాచి, పిడికి పాత చీర గుడ్డ మందంగా కట్టాను. మాడితే మార్చుకోవచ్చు.

పాప నిద్రపోతోంది. ఇప్పటికి మూడుసార్లు దాని పిడికిలి విప్పి చూశాను.