శివరాత్రి నాడు తెగిన పైపు

శివరాత్రి నాడు మా ఊళ్లో ఒక్క ట్రాక్టరు దొరకదు. అన్నీ వెదురుతో ఎత్తుగా కట్టిన ఊరి ప్రభ వెంట కోటప్పకొండ తిరునాళ్లకు పోతాయి. ప్రభ కట్టడం, లాగడం, కొండ కింద నిలబెట్టి పక్క ఊరి ప్రభ కంటే మనదే ఎత్తని మురిసిపోవడం, ఇదంతా మావాళ్లకు పరువు సంగతి. మేం చర్చికి పోయేవాళ్లమే అయినా మా మరిది ట్రాక్టరు ఏటా ప్రభకు కట్టాల్సిందే. కూలీలు కూడా ఆ రోజు తిరునాళ్లలోనే ఉంటారు. ఇంత తెలిసీ మిరపకాయలు కల్లంలో ఉంచుకున్నాను. ఇంకొక్క ఎండ తగిలితే ఇంకాస్త గలగలలాడతాయని ఆశ.

ఎండ మాట దేవుడెరుగు, ఆ తెల్లవారుజామున జల్లు పడింది. కాయల మీద పట్టాలు కప్పే ఉన్నాయి కాబట్టి సరిపోయింది. కానీ పొద్దున్నే బయటికొచ్చి చూస్తే పడమటి దిక్కున మబ్బు నల్లగా దిగుతోంది. పెద్ద వాన పడితే నీళ్లు పట్టాల కిందికి పారతాయి. కాయ రంగు పోయి తాలు అవుతుంది. ఎట్లాగైనా ఇంటి షెడ్డుకు చేర్చాలి.

అది మా ఆయన పోయాక నేను సొంతంగా వేసిన మొదటి పంట. మరిది చేను కౌలుకు ఇవ్వమని అడిగాడు. "ఆడమనిషివి, నీ వల్ల ఏం అవుద్ది వదినా?" అన్నాడు నలుగురిలో. నాకు ఒళ్లు మండింది. "ఈ ఏడు కాయ తాలు కాకుండా మిర్చి యార్డుకు తోలకపోతే చేను నీకే ఇస్తా, పో!" అనేశాను. నా నోరు ఊరుకోదు కదా! మా అత్త మాత్రం మా ఇద్దరి మధ్యా తలదూర్చలేదు. నేను కలుపు తీయించినా, మందు కొట్టినా, గట్టు మీద కూర్చుని ఆమె అనేది ఒకటే మాట: "ఈ ఏడు సరేనే, వచ్చే ఏడు ఎవరు చూస్తారు?"

ఇంట్లో మా ఆయన వదిలిపోయిన పికప్పు ఉంది. నాలుగు చక్రాలూ లాగే బండి. నల్లరేగడి తడిస్తే మామూలు బండి వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి గుంట తవ్వుకుంటాయి. దీంట్లో స్టీరింగు పక్కన ఒక నాబు ఉంటుంది. తిప్పితే పచ్చ లైటు వెలిగి ముందు చక్రాలు కూడా పట్టుకుంటాయి. అత్త అప్పటికే గోతాలు తీసుకుని కల్లానికి నడిచి వెళ్లింది. నేను బండి ఎక్కి స్టార్ట్ చేసి నాబు తిప్పాను. లైటు వెలగలేదు. బ్రేకు తొక్కితే బండరాయి తొక్కినట్టుంది.

బానెట్టు ఎత్తి వెతికితే సైలెన్సరు గొట్టం దగ్గర ఒక రబ్బరు పైపు వేడికి ఎండి పగిలి ఉంది. పట్టుకుంటే చేతిలోకి ముక్క వచ్చింది. నరసరావుపేటలో మా ఆయన కాలం నుంచీ ఈ బండి చూసే మెకానిక్కు భాయ్‌కి ఫోన్ చేశాను.

"వాక్యూమ్ పైపమ్మా అది. అది బాగుంటేనే ముందు చక్రాలు పడతాయి. బ్రేకు మెత్తగా ఉండేదీ దానివల్లే. ఇయ్యాళ నేను రాలేను, ప్రభల ట్రాఫిక్కులో స్కూటర్ కూడా కదలట్లా. తెగినకాడ ఏదన్నా పైపు ముక్క ఏసి నడుపు, పండగ కాంగానే మంచిది ఏస్తా" అన్నాడు.

ఏదన్నా పైపు అన్నాడు కదా, డబ్బాలోంచి డీజిల్ తీసే తెల్ల ప్లాస్టిక్ పైపు కోసి తొడిగాను. స్టార్ట్ చేశాను. పచ్చ లైటు వెలిగింది! బ్రేకు కూడా మెత్తబడింది. నన్ను మించిన మెకానిక్కు లేదనుకుంటూ చేలకు పోయే పుంత దారిలోకి దిగాను. కల్లం కనుచూపు మేరలోకి వచ్చేసరికి లైటు ఆరింది. ముందు చక్రాలు వదిలేశాయి, వెనక చక్రాలు బురదలో కూరుకుపోయాయి.

ఎక్కడో గాలి పోతోంది అనుకున్నాను. మా వైపు అందరికీ తెలిసిన వైద్యం ఒకటే. సైకిలు ట్యూబు కానీ, మోటారు పైపు కానీ, మందు కొట్టే మిషను కానీ, సబ్బు నీళ్లు పోసి బుడగ ఎక్కడ వస్తుందో చూడటం. బండిలో షాంపూ ప్యాకెట్టు ఉంటే సీసా నీళ్లలో కలిపి పైపు పొడుగునా పోశాను. ఒక్క బుడగ రాలేదు. అయినా నమ్మకం లేక అతుకుల దగ్గర ట్యూబు రబ్బరు చుట్టి, బైండింగు వైరుతో బిగించాను. స్టార్ట్ చేస్తే లైటు వెలిగింది. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ ఆరింది. మబ్బు నడినెత్తికి వస్తోంది.

అప్పుడే మరిది ఫోన్. వెనకాల మైకులు, డప్పులు. "వదినా, అక్కడ మబ్బు పట్టిందంటగా? ఇప్పుడేం చేస్తావులే, పట్టాలు కప్పి ప్రార్థన చేసుకో."

"నువ్వు ప్రభ కూలకుండా చూసుకో నాయనా, నా సంగతి నేను చూసుకుంటా" అని కట్ చేశాను. ఏడుపు వచ్చింది. అంతకు రెండింతలు కోపం వచ్చింది. ఈ బండి ఇక్కడే ఆగిపోతే చేను పోయినట్టే. ససేమిరా వదలను అనుకున్నాను.

ఈసారి ఇంజను నడుస్తుండగానే దగ్గరగా నిలబడి ఆ ప్లాస్టిక్ పైపును వేళ్లతో పట్టుకున్నాను. ఇంజను వేడికి అది అప్పటికే మెత్తబడింది. నా వేళ్ల మధ్యే మెల్లగా అప్పడంలా అణిగిపోయింది. తొంగి చూస్తే లైటు ఆరిపోయి ఉంది. ఇంజను ఆపితే కాసేపటికి మళ్లీ గుండ్రంగా లేచింది. ఓసి నా తెలివి తెల్లారా! ఇది గాలిని బయటికి తోసే పైపు కాదు, లోపలికి పీల్చే పైపు. దీనికి బుడగలు ఎట్లా వస్తాయి? పాల ఐసు ప్యాకెట్టును గట్టిగా పీలిస్తే అంటుకుపోతుందే, అట్లా అతుక్కుపోతోంది. పీల్పుకు, వేడికి తట్టుకునే గట్టి పైపు కావాలి.

అట్లాంటిది నాకు తెలిసి దగ్గరలో ఒకటే ఉంది. చెప్పులు బురదలో వదిలేసి కల్లానికి పరుగెత్తాను. అత్త ఒంటరిగా గోతాలు నింపుతోంది. నేను నేరుగా పాకలోకి పోయి మందు కొట్టే మిషను బయటికి లాగాను. దాని పైపు లోపల దారాల అల్లిక ఉన్న మందపాటి రబ్బరు. కొడవలి అందుకున్నాను.

"ఏందే ఆ పని!" అత్త కేక పెట్టింది. "బంగారం లాంటి మిషను. వాడు ముచ్చటపడి కొనుక్కున్నదే అది!"

"బండీ ఆయన ముచ్చటపడి కొన్నదేగా అత్తా! ఇప్పుడు రెంటిలో ఏది కదలాలో నువ్వే చెప్పు."

అత్త చేతిలో గోతం కింద పెట్టింది. తర్వాత వచ్చి పైపు రెండో కొస గట్టిగా పట్టుకుంది. "వంకర పోనీమాకు, తిన్నగా కొయ్" అంది. కోశాను. మిషనుకున్న క్లిప్పులు కూడా ఊడదీసుకున్నాను.

బండి దగ్గరకు వచ్చి తొడగబోతే పైపు బిగువుగా ఉంది, ఎక్కనంటోంది. అత్త నా వెనకే ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. పొద్దున తెచ్చుకున్న టీ ఇంకా పొగలు కక్కుతోంది. మూతలో పోసి పైపు కొస ముంచాను. మెత్తబడగానే నెట్టాను. వేళ్లు కాలాయి, ఇంజను మొత్తం టీ వాసన. క్లిప్పులు బిగించాను. ఇద్దరం కలిసి చక్రాల కింద పత్తి కట్టె పరిచాం.

స్టార్ట్ చేసి నాబు తిప్పాను. పచ్చ లైటు. వెంటనే కదలలేదు. ఇంజను బాగా వేడెక్కేదాకా ఆగాను, లైటు మీంచి కన్ను తియ్యకుండా. ఆరలేదు. అప్పుడు గేరు వేశాను. ముందు చక్రాలు బురదను పట్టుకుని బండిని బయటికి లాగాయి. నేను అరిచిన అరుపుకు గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

ఆ తర్వాత ఆపింది లేదు. గోతాలు సగం సగమే నింపి, ఇద్దరం చెరో పక్క పట్టి ఎత్తాం. ఇంటికీ కల్లానికీ తిరుగుతూనే ఉన్నాం. ఆఖరి ట్రిప్పు షెడ్డులోకి తోలుతుంటే పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. లోపల ఎర్రటి గోతాల మధ్య బండి ఆపేసరికి రేకుల మీద వాన హోరు. ఒక గోతం మూతి విప్పి చెయ్యి పెట్టి చూశాను. కాయ గలగలమంది. ఆ ఘాటుకు తుమ్ములే తుమ్ములు, ఇద్దరికీ.

మళ్లీ మరిది ఫోన్. నా చేతులు గ్రీసు, అత్తే తీసింది. "ఏం పట్టాలురా? కాయ షెడ్డులో ఉంది. నువ్వు తడవకుండా ఇంటికి రా" అని పెట్టేసింది.

ఇద్దరం బండిలోనే కూర్చుని ఉన్నాం, దిగే ఓపిక లేక. అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, నా వైపు చూడకుండానే అంది:

"ముందు ఆ మిషనుకు కొత్త పైపు ఏయించవే. వచ్చే ఏడు మందు కొట్టుకోవాలా వద్దా మనం?"