అంకెలు మానేసిన వర్కి చేట్టన్

కొచ్చిలో మా కంపెనీ పడవల రేవులకు ప్రోగ్రాములు రాసి పెడుతుంది. మాలో పెద్దవాడు వర్కి. వయసుతో పనిలేకుండా ఆఫీసంతా ఆయన్ని అన్నగానే చూసి 'చేట్టా' అని పిలిచేది. పడవ రేవులో ఉంటే సున్నా, నీళ్ల మీద ఉంటే ఒకటి, చేరితే రెండు, రద్దయితే మూడు. ఆయన కోడ్ నిండా ఇవే అంకెలు. వాటి అర్థాలు మాత్రం ఆయన బుర్రలోనే ఉండేవి. ఆయన సెలవు పెడితే మా పనికీ సెలవే.

కొత్తగా చేరిన షాలెట్ ఒకరోజు అడిగింది.

"చేట్టా, ఈ మూడేంటి?"

"రద్దు."

"ఆ మాటే రాయొచ్చుగా? 'ఎన్యుమ్' అని ఒక జాబితా పెట్టి స్థితులన్నిటికీ పేర్లిస్తే చదివినవాళ్లకి తెలుస్తుంది. అందులో లేనిది రాస్తే కంప్యూటరే ఒప్పుకోదు."

"పేర్లు మతిమరుపు వాళ్లకమ్మా!"

ఆ వానాకాలంలో ఆయనే పరధ్యానంగా ఒకటికి బదులు మూడు రాశాడు. పడవ వస్తూనే ఉంది, రేవు బోర్డు మీద 'రద్దు' అని పడింది. ఆయన భార్య త్రేసియా అది నమ్మి, చేపల సంచితో ఆటోలో వంతెన మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరి, ఫోన్ చేసింది.

"చేపలు పాడయ్యాయి. పెళ్లప్పుడు మిమ్మల్ని నమ్మినా బుద్ధి రాలేదు నాకు!"

మర్నాడే వర్కి కుర్చీ లాక్కుని షాలెట్ పక్కన కూర్చున్నాడు. అంకెలన్నీ పోయి పేర్లొచ్చాయి. 'పడవ స్థితి రద్దు అయితే' అన్న వరుసను ఆయన మా అందరికీ పైకి చదివి వినిపించాడు. అయితే కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా! 'కొంచెం ఆలస్యం', 'బాగా ఆలస్యం' అని చేర్చుకుంటూ పోయి, చివర 'ఇక ఆశ వదులుకోండి' అని పెట్టాడు.

"ఇదెందుకు చేట్టా?"

"చదివితే అర్థం కావాలన్నావుగా!"

బోర్డు ఆ పేర్లనే చూపిస్తుందని ఎవరికీ తట్టలేదు. జోరువానలో ఇంజను చెడిన రోజు రేవంతా ఆ మాట చదివింది. మేనేజరు తంబి సారు తల పట్టుకున్నాడు. రేవు నుంచి ఫోన్ రానే వచ్చింది.

"ఎవరూ తిట్టలేదు సార్. బోర్డు మొదటిసారి నిజం చెప్పిందని నవ్వుకుంటూ బస్సెక్కి పోయారు."

అయినా సారు ఊరుకోలేదు. 'సేవలో స్వల్ప అంతరాయం' అని మార్పించాడు. వర్కి ఏడుపుమొహంతో మార్చాడు. ఆ తర్వాతి వానకి మళ్లీ పడవ ఆగిపోతే జనం బోర్డు నమ్మి రేవులోనే తడుస్తూ, పడవ వచ్చేస్తుందని గంటల తరబడి నిలబడ్డారు.