కార్తీక మాసంలో ఒక ఫైర్‌మన్ బరువు

సికింద్రాబాదుకు జనం డాక్టరు కోసం పోతారు, పెళ్ళి బట్టలకు పోతారు. నేను నా కొడుకు పొట్ట తగ్గించడానికి పోయాను. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు, దసరా వెళ్ళిన వారానికి సంగతి ఇది. మా ఊరు జనగామ. కొడుకు మల్లేశం రైల్వేలో ఫైర్‌మన్, అంటే ఇంజను పొయ్యిలో బొగ్గు వేసేవాడు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో భార్య పార్వతితో ఉంటాడు. చిన్నప్పుడు వాడు అన్నం మాట మరిచిపోయి నిలబడింది ఒక్క ఇంజను ముందే.

వాడు లావెక్కిన కథ ముందు చెప్పాలి. గొడవల కాలంలో రైళ్ళు సరిగా నడవక, వాడు భార్యతో సహా మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. ఏ రోజు ఏమవుతుందో తెలియక నేను బియ్యం, పప్పులు, బెల్లం, నెయ్యి ఇంటినిండా నింపి పెట్టాను. మిలిటరీ వచ్చింది, వారం తిరగకముందే అంతా అయిపోయింది. నా కుండలు మాత్రం నిండుగానే ఉన్నాయి. పురుగు పట్టనిస్తామా? తిన్నాం. అందరం తిన్నాం, వాడి ఒంటికి మాత్రమే పట్టింది.

ఇప్పుడు రైల్వే డాక్టరు వాడిని పరీక్ష చేసి, నవంబరు ఆఖరుకు ఇరవై పౌండ్లు తగ్గాలన్నాడట. తగ్గకపోతే ఇంజను దిగి షెడ్డులో బూడిద ఎత్తాలి. పార్వతి ఈ మాట జాబులో రాసి, "ఆయన రోజూ ఏడుస్తున్నాడు, ఏడ్చినాక ఆకలి అంటున్నాడు" అని చివర కలిపింది. నేను ఆ రోజే మూట కట్టాను.

పొద్దున పాసింజరులో మూడో తరగతి. కూర్చునే చోటు కావాలంటే కాజీపేట వైపు నుంచి వచ్చే పెట్టెల్లో చివరిది చూసుకోవాలి. మిగతావి అక్కడే నిండిపోతాయి. ఇంటి నుంచి సర్వపిండి తెచ్చుకున్నాను కనుక దారిలో ఏదీ కొనలేదు. ఆలేరులో ఒక బట్టల వ్యాపారి ఎక్కి ఎదుటి బల్ల మీద కూర్చున్నాడు. ఎందుకు పోతున్నానో అడిగి, విని, తొడ చరుచుకుని నవ్వాడు.

"ఏందమ్మా గిది! యాక్షన్ల మందంత భయానికి చిక్కిపోయిండ్రు. మీ వోడు లావైండా?"

"భయపడుడు నేను పడ్డ, తినుడు వాడు తిన్నడు" అన్నాను.

భువనగిరి దాటేవరకు ఆ వ్యాపారి నవ్వు ఆగలేదు.

పది దాటాక సికింద్రాబాదు చేరాం. మల్లేశం స్టేషనుకు వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద బరువు చూసే యంత్రం ఉంది, బిళ్ళ వేస్తే అట్టముక్క మీద బరువు అచ్చయి వస్తుంది. ముందు దాని మీదకే ఎక్కించాను. అట్టముక్క వెనక ఇంగ్లీషులో జాతకం కూడా ఉంటుంది. వాడు చదివి, మీరు త్వరలో వృద్ధిలోకి వస్తారని రాసి ఉందన్నాడు.

"ఇంకెంత వృద్ధిరా?" అన్నాను.

వాడు టాంగా పిలవబోయాడు. బరువు తగ్గవలసినవాడికి టాంగా ఎందుకు? నా ట్రంకుపెట్టె వాడి నెత్తిన పెట్టి లాలాగూడ దాకా నడిపించాను. మీరు పెట్టెతో వెళ్ళేటట్టయితే, లావుపాటి కొడుకు లేకపోతే, టాంగానే మంచిది.

మరునాడు డాక్టరు దగ్గరికి పోయాం. బెజవాడ వైపు క్రైస్తవుడు, మాట మెత్తన, చూపు గట్టి. వాడికి తిండి పట్టిక ఒకటి రాయబోయి, గుడ్డు దగ్గర మొదలుపెట్టాడు. మేము లింగం కట్టుకునేవాళ్ళం, గుడ్డూ మాంసమూ ముట్టమని చెప్పాను.

"శాకాహారులు సన్నగా ఉంటారని అనుకునేవాణ్ణండీ" అన్నాడు డాక్టరు.

"ఏనుగు సుత ఆకులే తింటది డాక్టరూ" అన్నాను.

గుడ్డు కొట్టేసి పప్పు రాశాడు, మాంసం కొట్టేసి మజ్జిగ రాశాడు. తినే ప్రతిదానిలో కేలరీలని ఉంటాయనీ, ఇంజనుకు బొగ్గు ఎలాగో ఒంటికి అవి అలాగనీ, రోజుకు రెండు వేలు దాటకూడదనీ చెప్పాడు. దేనిలో ఎన్నో కాగితం మీద వేసి ఇచ్చాడు.

"సార్, ఇంజను నిలవడ్డప్పుడు సుత బొగ్గు వెయ్యాలె. లేకుంటే ఆవిరి పడిపోతది" అన్నాడు మల్లేశం.

"నువ్వు నిలబడ్డప్పుడు పడిపోవులే నాయనా" అన్నాడు డాక్టరు.

అట్నుంచి అటే రెజిమెంటల్ బజారుకు పోయి పాత సామాన్ల కొట్టులో చిన్న త్రాసు బేరం చేశాను.

"దుకాణం షురూ చేస్తున్నవా పెద్దమ్మా?" అన్నాడు కొట్టువాడు.

"ఉన్న దుకాణం మూస్తున్న" అని వాడు చెప్పిన ధరలో సగానికి తెచ్చాను.

ఇక మా వంటింట్లో తూకం లేనిదే గింజ కదలలేదు. అన్నం తూచాను, పప్పు తూచాను, నెయ్యి తూచే చెంచా వేరే పెట్టాను. పార్వతి అయిదో తరగతి దాకా చదివింది కనుక ప్రతి పూటా లెక్క రాసేది. మల్లేశం కంచం ముందు కూర్చుని త్రాసును దొంగవైపు చూసినట్టు చూసేవాడు. "గింతేనా అమ్మా? పిట్టకు పెట్టినట్టు పెడ్తున్నవ్" అనేవాడు. పిట్ట ఎగరగలదు, నువ్వు ఎగరలేవు, తిను అనేదాన్ని.

మొదటి రెండు వారాలు స్టేషనులోని యంత్రం మమ్మల్ని సంతోషపెట్టింది. తరువాత కార్తీకం వచ్చింది. మా ఇంట్లో కార్తీక సోమవారాలు ఒక్కపొద్దు ఉండటం ఆనవాయితీ. పొద్దంతా ఏమీ ముట్టం, దీపం పెట్టాక దేవుడి ప్రసాదం తీసుకుంటాం. చిన్నప్పుడు ఒక్కపొద్దంటే మూల కూర్చుని ఏడ్చే నా కొడుకు, ఈసారి నాకంటే ముందు లేచి స్నానం చేశాడు. పైవారం గురువారం కూడా ఉంటానన్నాడు. ఆ తరువాత శనివారం కలుపుకున్నాడు. వాడికి ఇంత భక్తి కుదిరినందుకు నేను చుట్టుపక్కల క్వార్టర్ల ఆడవాళ్ళకు గొప్పగా చెప్పాను. వారంలో మూడు రోజులు ఉపవాసం, మిగతా నాలుగు రోజులు తూకం. ఇంకేం కావాలి?

యంత్రం మాత్రం ఒప్పుకోలేదు. తగ్గడం ఆగింది, తరువాత రెండు పౌండ్లు పెరిగింది. యంత్రం చెడిందన్నాడు మల్లేశం. నేను ఎక్కి చూశాను, నా బరువు నాకు సరిగానే చూపింది. షెడ్డు దగ్గర మిర్చిబజ్జీలు తింటున్నాడేమోనని వాడి చొక్కా జేబులు వాసన చూశాను. బొగ్గు వాసన తప్ప ఏమీ లేదు. పరీక్షకు రెండు వారాలే ఉన్నాయి. పార్వతికి నిద్ర లేదు. వాడు షెడ్డుకు పోయి బూడిద ఎత్తేవాళ్ళను చూసి వచ్చాడు.

ముగ్గురం మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన పార్వతి రాసిన లెక్క చూశాడు.

"సోమ, గురు, శనివారాలకు ఏమీ రాయలేదేమమ్మా?"

"అయి ఒక్కపొద్దులు సార్. ఆ దినాలు ఏం తినడు."

"అసలు ఏమీ తినడా?"

"పొద్దంత ఏం తినడు. దీపం పెట్టినంక ప్రసాదం తీసుకుంటడు."

"ప్రసాదమంటే ఏమేం ఉంటాయి?"

"పూర్ణాలు, గారెలు, పరమాన్నం. నెయ్యి పోసిన పులగం" అంది పార్వతి.

డాక్టరు కలం కింద పెట్టాడు. "మరి అవి లెక్కలో ఏవి?"

"ప్రసాదం లెక్క రాస్తరా సార్?" అంది పార్వతి, కళ్ళు పెద్దవి చేసి. నాకూ ఆ మాట న్యాయంగానే తోచింది. దేవుడి ముందు పెట్టినదాన్ని త్రాసులో వేయడం నా పుట్టినింట చూడలేదు, మెట్టినింట చూడలేదు. అది ఇంత కావాలని అడగం, చాలని తోసెయ్యం. మల్లేశం మాత్రం గోడకున్న కేలెండరు చూస్తున్నాడు.

"దేవుడిచ్చాడని పొట్టకు తెలియదమ్మా" అన్నాడు డాక్టరు. మల్లేశం వైపు తిరిగి, "నీకు తెలుసునా?" అని అడిగాడు.

"ప్రసాదం వద్దనరాదు గద సార్" అన్నాడు వాడు, చాలా వినయంగా.

ఆ వచ్చే సోమవారం వంట పొయ్యి మీంచి దించగానే త్రాసు దేవుడి గూటి దగ్గర కాకుండా వంటింటి గడప లోపల పెట్టాను. "దేవుని ముందట పెట్టినంక తూస్తే తప్పు. పెట్టక ముందు అది ఒట్టి తిండే" అన్నాను.

"దేవునికి సుత కేలరీలు కడ్తవా అత్తమ్మా?" అంది పార్వతి. కళ్ళలో భయం, పెదవుల మీద నవ్వు.

"దేవునికి గాదు, నీ మొగనికి. దేవుడు ఎంత తింటడో నాకు ఎరుకే."

రెండు పూర్ణాలు, గరిటెడు పులగం, ఒక అరటిపండు. అంతే నైవేద్యం, అంతే ప్రసాదం. ఆ వారంలోనే గురువారం ఒక్కపొద్దు వాడే మానేశాడు, మరి రెండు రోజులకు శనివారం పోయింది.

"ఏందిరా, భక్తి తగ్గిందా?" అన్నాను.

"డ్యూటీల నీరసమొస్తుందమ్మా" అన్నాడు.

భక్తి పోయినచోట బరువు కూడా పోవడం మొదలైంది. కాని పోయిన రోజులు తిరిగిరావు కదా. పరీక్షనాడు పొద్దున వాడు మంచినీళ్ళు కూడా తాగలేదు. నేను, పార్వతి వరండాలో తలుపు సందు దగ్గర నిలబడ్డాం. బూట్లు తీశాడు, బెల్టు తీశాడు, చొక్కా తీశాడు. కాటా ముల్లు డాక్టరు పెట్టిన గీతను దాటి వెంట్రుకంత అవతల ఆగింది.

"ఆ మెడలో వెండి కాయ తీసి నిలబడు" అన్నాడు డాక్టరు. అందులో ఉన్నది లింగం. పుట్టినప్పుడు కట్టింది, పోయినప్పుడు వాడితోనే పోవలసింది.

"అది తియ్యరాదు సార్."

"తీస్తే సరిపోతుందయ్యా. ఒక్క నిమిషం."

"ఇంజను దిగుత గాని, అది తియ్య సార్" అన్నాడు నా కొడుకు. కాయను పిడికిట పట్టుకున్న చెయ్యి కదల్లేదు. పార్వతి నా చెయ్యి పట్టుకుంది. అంతవరకూ వాడి భక్తి మీద నాకు మిగిలి ఉన్న అనుమానం అక్కడ తీరిపోయింది.

డాక్టరు చాలాసేపు ముల్లునూ వాడి మెడనూ చూశాడు. "దేవుడి తిండి లెక్కలో రాయించాను. దేవుడి బరువు కూడా నీ మీద వేస్తే అన్యాయం" అని, పనికి తగినవాడని రాసి సంతకం పెట్టాడు.

పైవారం మధ్యాహ్నం పాసింజరుకు బయలుదేరాను. త్రాసును కొన్న ధరకే అమ్మేసి వచ్చాను. సికింద్రాబాదు గురించి అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: అక్కడ కూరగాయలు మంచివి, నడక దండిగా ఉంటుంది, సన్నబడదలచినవాళ్ళు పండగ నెలలు తప్పించి పోవాలి. ఆ రోజు మా బండి ఇంజను మీద ఫైర్‌మన్ మల్లేశమే. ఎక్కేముందు పలకరిద్దామని పోతే, పార చేతిలో పట్టుకుని, "జరుగమ్మా, సిగ్నల్ పడ్డది" అన్నాడు.

ఘట్‌కేసర్ దాటాక గాలి మా వైపు తిరిగింది. నల్లటి నుసి కిటికీలోంచి వచ్చి నా తెల్లచీర మీద పడసాగింది. పక్కన కూర్చున్నావిడ కళ్ళు నులుముకుని, "కిటికీ మూయి పెద్దమ్మా! ఎవడో గాని బొగ్గు కుమ్మరిస్తుండు" అంది.

"పడనియ్యి. మా వోడే" అన్నాను.